మీ ఊరి గాలి, నీటి లెక్కలు ప్రభుత్వం నుంచి రాబట్టడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"మా ఊరి చెరువు నీళ్లు ఎవరైనా పరీక్ష చేస్తున్నారా? ఆ రిపోర్టు మాకు ఇస్తారా?" ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. చాలా సందర్భాల్లో రెండింటికీ జవాబు అవుననే. గాలి, నీరు, అడవి, పరిశ్రమల వ్యర్థాల పరిస్థితిపై గడువు ప్రకారం నివేదికలు తయారు చేయించడం, వాటిని జనానికి అందుబాటులో ఉంచడం ప్రభుత్వం చట్టప్రకారం చేయాల్సిన పని. మనం అడిగేది దయ కాదు, మనకు రావాల్సిన కాగితం.

ఆ కాగితం పేరేంటి, ఎప్పటికి రావాలి, ఏ ఆఫీసులో ఉంటుంది, చేతికొచ్చాక ఎలా చదవాలి? ఈ నాలుగూ తెలియకపోవడం వల్లే చాలామంది మధ్యలో ఆగిపోతున్నారు. కింద చెప్పిన వరుసలో వెళ్లండి. మొదటి రెండు అంచెలు దాటేసి నేరుగా దరఖాస్తు రాయకండి.

## 1. ముందు మీ ప్రశ్నను చిన్నది చేసుకోండి

"మా ప్రాంతంలో కాలుష్యం ఎందుకు పెరిగింది, మీరేం చర్యలు తీసుకున్నారు?" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. నా మొదటి దరఖాస్తు అలాంటిదే. నెల రోజులు ఎదురుచూశాక ఒక కార్యాలయం నుంచి రెండు లైన్ల ఉత్తరం వచ్చింది: "మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందికి రాదు." చట్టప్రకారం వాళ్లు చెప్పింది తప్పు కాదు. సమాచార హక్కు కింద రికార్డులో ఉన్నది అడగాలి. అభిప్రాయం, వివరణ అడిగితే ఇవ్వరు.

దరఖాస్తుకు ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- ఏ చోటు: చెరువు, వాగు, బోరు, రోడ్డు, ఫ్యాక్టరీ. గ్రామం, మండలం, వీలైతే సర్వే నంబరు.
- ఏ విషయం: గాలా, ఉపరితల నీరా, భూగర్భ జలమా, ఘన వ్యర్థాలా.
- ఏ కాలం: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు.
- ఎవరి వల్ల అని అనుమానం: పరిశ్రమ అయితే దాని పూర్తి పేరు. గేటు దగ్గర బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి. పేరులో చిన్న తేడా ఉన్నా "మా రికార్డుల్లో లేదు" అనే జవాబుకు దారి దొరుకుతుంది.

వాసన, రంగు, చనిపోయిన చేపలు, ఏది చూసినా తేదీ, టైముతో సహా ఒక నోటుబుక్కులో రాయడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. తర్వాత ప్రభుత్వ అంకెల పక్కన పెట్టి చూసుకోవడానికి మీ చేతిలో ఉండేది ఈ పుస్తకం ఒక్కటే.

## 2. ఏ నివేదిక ఎప్పటికి రావాలో క్యాలెండర్ రాసుకోండి

నివేదిక పేరు, గడువు తెలిసినవాడికి "అలాంటిదేమీ లేదండీ" అని చెప్పడం కష్టం.

- జూన్ 1, డిసెంబర్ 1: పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు అర్ధ సంవత్సర కాంప్లయన్స్ రిపోర్టు, అంటే అనుమతి షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే నివేదిక ఇవ్వాలి. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఇవి బహిరంగ పత్రాలు. అడిగిన ఎవరికైనా నకలు ఇవ్వాలి, తాజా నివేదికను వెబ్‌సైట్‌లో పెట్టాలి.
- జూన్ 30: ఆసుపత్రుల జీవ వైద్య వ్యర్థాల వార్షిక నివేదిక. 2016 నాటి నిబంధనల ప్రకారం దీన్ని ఆసుపత్రి తన సొంత వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి.
- సెప్టెంబర్ 30: ఫారం 5, అంటే పర్యావరణ స్టేట్‌మెంట్. మార్చి 31తో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి సంబంధించి పరిశ్రమ కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాల్సిన లెక్క.
- డిసెంబర్ 31: రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వార్షిక నివేదిక. ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల్లోపు రాష్ట్ర ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు ఉంచాలని 1974 నాటి నీటి చట్టం సెక్షన్ 39 చెబుతోంది.
- రెండేళ్లకోసారి: భారత అటవీ సర్వే సంస్థ ఇచ్చే అడవుల స్థితి నివేదిక. 2023 సంచిక 2024 డిసెంబర్‌లో వచ్చింది, అంటే ఆలస్యాలూ ఉంటాయి.
- ప్రతిరోజూ: ఆటోమేటిక్ గాలి నాణ్యత కేంద్రాల అంకెలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో, సమీర్ యాప్‌లో కనిపిస్తాయి.

గడువు దాటిన మర్నాడే దరఖాస్తు పెట్టకండి. అందిన నివేదిక ఫైలుకెక్కడానికి ఒకటిన్నర, రెండు నెలలు వదిలేయండి. డిసెంబర్ 1 నాటి రిపోర్టు కావాలంటే ఫిబ్రవరిలో అడగడం మేలు.

## 3. వెబ్‌సైట్‌లో వెతకండి, లేకపోతే ఆ సంగతి కూడా సేవ్ చేయండి

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వ సంస్థలు అడగకముందే సమాచారం బయటపెట్టాలి. అందులోనే స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఉంది. కాబట్టి ముందు ఇక్కడ వెతకండి:

- పర్యావరణ అనుమతుల కోసం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్. అనుమతి ఉత్తరం, అందులోని షరతుల జాబితా తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి.
- రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్. నదులు, చెరువుల నీటి నాణ్యత, గాలి నెలవారీ అంకెలు.
- కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర భూగర్భ జల శాఖ నివేదికలు.
- పరిశ్రమల ఆన్‌లైన్ ఉద్గారాల పేజీ. ఈ అంకెలు జనానికి కనిపించేలా పెట్టాలని 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఆదేశించింది.

లింకు తెరుచుకోకపోయినా, పేజీ ఖాళీగా ఉన్నా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. చాలామంది విసుగొచ్చి వదిలేసేది ఇక్కడే. ఆ ఖాళీ పేజీయే రేపు అప్పీలులో "ప్రచురించలేదు" అనడానికి రుజువు.

## 4. ఆఫీసుకెళ్లి రిజిస్టర్ చూడండి

ఈ దారి చాలామందికి తెలియదు. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే. నీటి చట్టం సెక్షన్ 25(6), 1981 నాటి గాలి చట్టం సెక్షన్ 51 ప్రకారం, కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలకు ఇచ్చిన అనుమతుల రిజిస్టర్ నిర్వహించాలి. ఆ పరిశ్రమల వ్యర్థాలతో సంబంధం ఉన్నవాళ్లు, దెబ్బతిన్నవాళ్లు ఆఫీసు వేళల్లో వచ్చి చూడవచ్చు.

వెళ్లేముందు ప్రాంతీయ కార్యాలయానికి ఒక చిన్న ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒంటరిగా వెళ్లకండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. ఆపరేషన్ అనుమతి, అంటే అందరూ సీఎఫ్‌ఓ అనేదాంట్లో ఈ నాలుగు అంకెలు వెతకండి: రోజుకు ఎంత ఉత్పత్తికి అనుమతి, ఎంత నీరు వాడొచ్చు, ఎంత వ్యర్థ జలం రావొచ్చు, అది ఎక్కడికి వెళ్లాలి. కాలపరిమితి ఎప్పటితో ముగుస్తుందో కూడా రాసుకోండి.

"ఇది చూపించేది కాదు" అంటే వాదన పెంచుకోవద్దు. పైన చెప్పిన సెక్షన్లు రాసి, తిరస్కరణను రాతపూర్వకంగా ఇమ్మని అక్కడే ఉత్తరం ఇచ్చి రండి.

## 5. సమాచార హక్కు దరఖాస్తు: ఇలా రాయండి

కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. కేంద్ర కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు. రాష్ట్ర కార్యాలయాలకు ఆ రాష్ట్ర నిబంధనల ప్రకారం కట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఒక దరఖాస్తులో ఒకే పరిశ్రమ లేదా ఒకే చెరువు గురించి అడగండి.

నమూనా:

> ప్రజా సమాచార అధికారి గారికి,
>
> సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది సమాచారం ఇప్పించగలరు:
>
> 1. ______ గ్రామం, ______ మండలంలోని ______ పరిశ్రమకు ప్రస్తుతం అమల్లో ఉన్న సీఎఫ్‌ఓ ఉత్తర్వు నకలు, అన్ని షరతులతో.
>
> 2. గత మూడు ఆర్థిక సంవత్సరాలకు సదరు పరిశ్రమ ఇచ్చిన ఫారం 5 నకళ్లు, అవి మీ కార్యాలయానికి అందిన తేదీలతో.
>
> 3. గత ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు మీ కార్యాలయం సదరు పరిశ్రమ లోపల, బయట సేకరించిన నీరు, గాలి నమూనాల ల్యాబ్ నివేదికల నకళ్లు.
>
> 4. పై వాటిలో ఏదైనా అందకపోయినా, పరీక్ష జరగకపోయినా, ఆ విషయం అంశాలవారీగా రాతపూర్వకంగా తెలపాలి.
>
> 5. సెక్షన్ 2(జె) ప్రకారం సంబంధిత ఫైలు స్వయంగా చూసుకోవడానికి తేదీ, సమయం.

నాలుగో అంశం వదలకండి. నివేదికే రాలేదని ఆఫీసు ఒప్పుకుంటూ ఇచ్చే జవాబు, ఒక్కోసారి నివేదిక కన్నా విలువైనది.

ఎవరికి రాయాలి?

- పరిశ్రమ అనుమతి, ఫారం 5, ల్యాబ్ పరీక్షలు: కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం.
- పర్యావరణ అనుమతి కాంప్లయన్స్ రిపోర్టులు: కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయం, అనుమతి రాష్ట్ర సంస్థ ఇచ్చి ఉంటే దానికి కూడా.
- బోర్ల నీటి మట్టం, నాణ్యత: భూగర్భ జల శాఖ.

పొరపాటున వేరే ఆఫీసుకు పంపినా టెన్షన్ పడక్కర్లేదు. 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయడం సెక్షన్ 6(3) ప్రకారం వాళ్ల పని. స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదును దరఖాస్తు నకలుకే పిన్ను కొట్టి ఉంచండి.

## 6. చేతికొచ్చిన నివేదిక చదవడం

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కాగితాలు రాగానే సంతోషపడి ఫైలులో పెట్టేసేవాళ్లను చాలామందిని చూశాను.

గాలి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అనే అంకెను కాలుష్యం మోతాదు అనుకోకండి. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5, అంటే అతి సన్నని ధూళి, ఎన్ని మైక్రోగ్రాములు ఉందో చూడాలి. 2009 ప్రమాణాల ప్రకారం పరిమితి 24 గంటలకు 60, ఏడాది సగటు 40. దానికన్నా కాస్త పెద్ద ధూళి కణాలూ కలిసే పీఎం 10కి ఇవి 100, 60. ఏక్యూఐలో 101 నుంచి 200 వరకు "ఓ మోస్తరు" అని చూపిస్తారు. పీఎం 2.5 వల్ల ఆ అంకె వచ్చిందంటే గాలిలో అది 61 నుంచి 90 వరకు ఉన్నట్టు, అంటే 24 గంటల పరిమితి అప్పటికే దాటినట్టు. మాట మెత్తగా ఉందని మోసపోవద్దు.

ఇంకొకటి. ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి 8 కాలుష్యకాలే. బెంజీన్ ఆ 8లో లేదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా లేదు. రాత్రిళ్లు వాసనకు కిటికీలు మూసుకుంటున్నా యాప్‌లో పచ్చరంగు కనిపిస్తుంటే కారణం ఇది కావొచ్చు. అప్పుడు ఏక్యూఐ అడిగి లాభం లేదు, ఫలానా రసాయనానికి పరీక్ష చేశారా అని పేరు పెట్టి అడగాలి.

మనుషులు నమూనా తీసే కేంద్రాల్లో వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు ఉండాలి. ఏడాది సగటు ఇచ్చారంటే దాని వెనక ఎన్ని కొలతలు ఉన్నాయో లెక్కపెట్టండి. 40 కొలతలతో తీసిన సగటుకు అంత విలువ లేదు.

నీరు. మొదట చూడాల్సినవి కరిగి ఉన్న ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్), కోలిఫాం (మలమూత్రాలు కలిశాయేమోనని సూచించే బ్యాక్టీరియా). జనం స్నానం చేసే నీటికి లీటరుకు ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాం 500 దాటకూడదు. కేంద్ర మండలి నదులను "కలుషితం" అని గుర్తించేది కూడా బీఓడీ 3 దాటినప్పుడే. 30 దాటితే అది మొదటి ప్రాధాన్య శ్రేణి. బోరు నీటిలో అయితే ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసుకోండి.

అంకె కన్నా ముందు నమూనా ఎక్కడ, ఎప్పుడు తీశారో చూడండి. వాగులో కాలువ కలిసే చోటుకు పైన తీసిన నీళ్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఆగస్టు వరదలో తీసిన నమూనాతో ఏప్రిల్ పరిస్థితి తెలియదు. "బీడీఎల్" అని రాస్తే లేదని అర్థం కాదు, ఆ యంత్రం పట్టుకోగలిగే స్థాయి కన్నా తక్కువ ఉందని. ఆ స్థాయి ఎంత అని అడగండి.

ఫారం 5. ఇందులో ఒక టన్ను సరుకుకు ఎంత నీరు వాడారో గత ఏడాది, ఈ ఏడాది పక్కపక్కన ఉంటుంది. ఉత్పత్తిని సీఎఫ్‌ఓ పరిమితితో పోల్చండి. ఉత్పత్తి బాగా పెరిగి, నీటి వాడకం, వ్యర్థ జలం మాత్రం కదలకుండా ఉంటే, ఎలా సాధ్యమైందని అడగడానికి అక్కడ ప్రశ్న ఉంది. నిజంగా కొత్త యంత్రాలు పెట్టి ఉండొచ్చు. అయితే ఆ ఖర్చు వివరం అదే ఫారంలో కనబడాలి.

కాంప్లయన్స్ రిపోర్టు. ఎడమ గడిలో షరతు, కుడి గడిలో "పాటిస్తున్నాం". అలాంటి పేజీలు ఇరవై ముప్పై ఉంటాయి. పక్కన అంకె, తేదీ, ఫొటో లేని "పాటిస్తున్నాం" ప్రతిదానికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ తర్వాత రెండు వరుస రిపోర్టులు నేల మీద పక్కపక్కన పరవండి. ఒకసారి అలా పరిచి చూస్తే, జూన్ రిపోర్టులోని పీఎం 10 పట్టిక డిసెంబర్ రిపోర్టులో అదే వరుసలో, అవే అంకెలతో ఉంది. మారింది పైనున్న తేదీ మాత్రమే. మాతో కూర్చున్న ఒక రైతు స్కేలు పెట్టి ఒక్కో అంకె కింద గీత గీస్తూ వచ్చాడు. 24 అంకెలూ అవే.

అడవి. అటవీ నివేదికలో "అడవుల విస్తీర్ణం" పెరిగిందంటే సహజ అడవి పెరిగిందని కాదు. ఒక హెక్టారుకు మించి, 10 శాతానికి పైగా ఆకుల కప్పు ఉన్న నేలంతా ఆ లెక్కలోకి వస్తుంది, తోటలతో సహా. మీకు కావాల్సింది జిల్లా పట్టికలో దట్టమైన అడవి గడి.

## 7. జవాబు రాకపోతే

- దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి ముప్పున్న విషయమైతే 48 గంటలు. గ్యాస్ లీకైతే ఈ మాట దరఖాస్తు పైనే రాయండి.
- గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, సెక్షన్ 7(6). పేజీల ఖర్చు అడిగితే ఈ సెక్షన్ చూపండి.
- తర్వాతి 30 రోజుల్లో అదే సంస్థలోని మొదటి అప్పిలేట్ అధికారికి అప్పీలు.
- అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేయవచ్చు.

"వ్యాపార రహస్యం" అని సెక్షన్ 8(1)(డి) చూపించి తిరస్కరించడం తరచూ జరుగుతుంది. ఆ సెక్షన్‌లోనే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉంది. తయారీ పద్ధతి రహస్యం కావొచ్చు, ఊరి కాలువలోకి వదిలే నీళ్లలో ఏముందన్నది ఎలా రహస్యమవుతుంది? అప్పీలులో ఇదే వాదన పెట్టండి. కాంప్లయన్స్ రిపోర్టుల విషయంలోనైతే అవి బహిరంగ పత్రాలని నోటిఫికేషనే చెబుతోంది కాబట్టి ఈ సాకు అసలు చెల్లదు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

- పదేళ్ల సమాచారం ఒకేసారి అడగడం. వేల పేజీల బిల్లు వస్తుంది. ముందు ఫైలు పరిశీలన అడిగి, చూసి, కావాల్సిన పేజీలకే డబ్బు కట్టండి.
- మొదటి అప్పీలు గడువు మర్చిపోవడం. దరఖాస్తు పెట్టిన రోజే ఫోన్‌లో 30, 60 రోజులకు రిమైండర్లు పెట్టుకోండి. మర్చిపోయారా? అదే దరఖాస్తు కొత్త తేదీతో మళ్లీ వేయండి.
- దూరంగా ఉన్న కేంద్రం అంకెలను మీ ఊరివి అనుకోవడం. కేంద్రం ఎంత దూరం, గాలి ఏ వైపు వీస్తుందో రాసుకోండి. మీ దగ్గర కేంద్రమే లేకపోతే, తాత్కాలిక యంత్రంతో కొలవమని మండలికి విడిగా వినతిపత్రం ఇవ్వండి.
- సొంతంగా సీసాలో పట్టిన నీటినే సాక్ష్యంగా నమ్ముకోవడం. అది మీకు దారి చూపిస్తుంది గానీ, పట్టిన తీరు సరిగా లేదని కొట్టేస్తారు. అధికారి సమక్షంలో, ఊరివాళ్ల సంతకాలతో నమూనా తీయమని అడగండి.

## 9. ప్రతి ఆరు నెలలకూ ఇదే పని

ఒక పెద్ద చార్టు మీద నిలువుగా నివేదికల పేర్లు, అడ్డంగా ఏళ్లు రాసి పంచాయతీ ఆఫీసులోనో గ్రంథాలయంలోనో గోడకు అంటించండి. వచ్చిన నివేదికకు టిక్కు, రానిదానికి ఖాళీ గడి. దానికింద అంకెలు: వాగు బీఓడీ, బోరు ఫ్లోరైడ్, ఏడాది సగటు పీఎం 10.

మండలి వార్షిక నివేదిక గడువులోగా సభ ముందుకు రాకపోతే, నీటి చట్టం సెక్షన్ 39 చూపిస్తూ మీ ఎమ్మెల్యేకు ఉత్తరం రాయండి. ఫలానా సంవత్సరం నివేదిక ఎప్పుడు పెడతారని సభలో ప్రశ్న వేయమని కోరండి. వేశారో లేదో కూడా ఆ చార్టులో ఒక గడి ఉండాలి.

గ్రామసభ ఉన్న ప్రతిసారీ ఒకరు లేచి ఆ చార్టు చదవాలి. ఖాళీ గడుల కోసం తీర్మానం రాయించి, తీర్మానం నకలును తర్వాతి దరఖాస్తుకు జత చేయండి. నోటుబుక్కు, చార్టు, ఫైలు ఒక్కరి ఇంట్లోనే ఉంచకండి. ఇద్దరి దగ్గర నకళ్లు ఉండాలి, వాళ్లలో ఒకరు కాలేజీలో చదివే పిల్లో పిల్లాడో అయితే ఇంకా మంచిది.